గోడవైపు తిరగండి

బోయిగూడలో మా పాత స్కూలు గేటుకి కట్టిన ఫ్లెక్సీ చూస్తేగానీ ఆవిడ పోయినట్టు నాకు తెలియలేదు. తెలియగానే ఏడుపు రావాలి కదా. రాలేదు. ఒళ్లు మండిపోయింది. నడిరోడ్డు మీద పళ్లబండికీ ఆటోకీ మధ్య నిలబడి, ఆ ఫ్లెక్సీని చింపేద్దామా అని రెండు నిమిషాలు ఆలోచించాను. అరవై దాటిన రిటైర్డ్ తెలుగు టీచర్ని గేటెక్కి ఫ్లెక్సీ చింపితే చూసేవాళ్లు ఏమనుకుంటారో అని ఆగిపోయాను. నా బతుకంతా ఇలా ఆగిపోవడమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పైన "డిజిటల్ పౌరసత్వ వారోత్సవాలు" అని తాటికాయంత అక్షరాలు. దాని కింద కరస్పాండెంట్ గారి ఫొటో, నవ్వుతూ. అందులో సగం సైజులో ఆవిడ ఫొటో. "మా పాఠశాల తొలి కంప్యూటర్ గురువు, చిన్నారులకు సైబర్ భద్రత నేర్పిన మార్గదర్శికి అశ్రునివాళి" అట. ఓ మూల పావురం బొమ్మ, క్రైస్తవురాలు కదా అని కాబోలు. అశ్రువులట! ఆవిడ ఈ స్కూలు గడప దాటి వెళ్లిపోయిన రోజు ఆ ఆఫీసు గదిలో మిగిలినవాళ్లలో ఒక్కళ్ల కంట తడి లేదు. నా కంటా లేదు.

ఆ ఫొటో నాకు తెలుసు. అయిదో తరగతి గ్రూప్ ఫొటోలోంచి కోసింది. ఎంత తొందరగా కోశారో ఏమో, ఆవిడ మోచేతి దగ్గర నాలుగు చిన్న వేళ్లు మిగిలిపోయాయి. పక్కన నిలబడిన పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. పిల్లని కోసేశారు, వేళ్లు ఉండిపోయాయి. అవి ఎవరి వేళ్లో ఇప్పుడా స్కూల్లో ఉన్నవాళ్లకి ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. మా ఆయా భాగ్యమ్మ కూతురు మంజులవి.

"ఎవరిది? అడిగావా?" అన్నది ఆవిడ ఊతపదం. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడితే ఆవిడ మొదట ఆ ముక్కే అడిగి ఉండేది.

ఆవిడ మా స్కూలుకి వచ్చిన రోజులు ఎలాంటివో కొంచెం చెప్పాలి. ఊరవతల అద్దాల మేడలు లేస్తున్నాయి. సికింద్రాబాద్ గోడల నిండా కోచింగ్ సెంటర్ల కాగితాలు. స్టేషన్ దగ్గర కంప్యూటర్ జాతకం, దాని పక్కన కంప్యూటర్ కంటి పరీక్ష. ఆఖరికి మా మారేడ్‌పల్లి సందులో టైలర్ కూడా బోర్డు మీద "కంప్యూటర్ కటింగ్" అని రాయించుకున్నాడు. ఎల్‌కేజీలో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు టీచర్లెవరని అడిగేవారు కాదు, తాగడానికి నీళ్లున్నాయా అని అడిగేవారు కాదు. "కంప్యూటర్ ఉందా?" అంతే. మా కరస్పాండెంట్ గారు ఆరు కంప్యూటర్లు కొన్నారు. గదికి ఏసీ పెట్టించారు. తాళం వేశారు. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులకి చూపించడానికి తీసేవారు. పిల్లల్ని నెలకోసారి చెప్పులు బయట విడిపించి, వరసగా లోపలికి నడిపించి, ఏదీ ముట్టుకోనివ్వకుండా బయటికి తెచ్చేవారు. పిల్లలు దణ్ణం పెట్టుకుని వచ్చేవారు. నిజంగానే.

ఆయుధపూజ నాడు ఆరు మానిటర్లకీ కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి, అక్షింతలు చల్లారు. బియ్యపు గింజలు కీబోర్డుల్లో ఇరుక్కుపోయాయి. మీటలు నొక్కితే దిగడం లేదు. వాటిని తీయడానికి మనిషి కావలసొచ్చి ఎవరో చెబితే ఆవిడని పిలిపించారు. అలా, కంప్యూటర్లోంచి అక్షింతలు ఏరడానికి ఆవిడ మొదటిసారి మా స్కూల్లో అడుగుపెట్టింది.

గుమ్మంలో నిలబడి "వందనాలండీ" అంది. గంజి పెట్టిన నేత చీర, భుజం మీద పిన్ను, నడుముకి దోపిన జేబురుమాలు. జడలోంచి తలపిన్ను ఒకటి తీసి, కుర్చీ లాక్కుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ఒక్కొక్క గింజే తీసి కాగితంలో పోసింది. రెండు గంటలు. లేచాక ఆ పొట్లాన్ని కరస్పాండెంట్ గారి చేతిలో పెట్టి, "మీవేనండీ, తీసుకోండి" అంది. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఉద్యోగం ఇచ్చేశారు.

భీమవరం వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. తిరుమలగిరిలో చెల్లెలితో ఉండేది. స్టేషన్ దగ్గర ఓ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై ఏళ్లు లోయరూ హయ్యరూ నేర్పింది. కంప్యూటర్లొచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. తన అన్నం లాక్కున్న యంత్రాన్నే నేర్చుకుని మళ్లీ అన్నం తింటున్నానని నవ్వుతూ చెప్పేది.

చేపల పులుసు తెచ్చిన రోజున స్టాఫ్ రూంలో మాకు దూరంగా, కిటికీ దగ్గర కూర్చుని తినేది. "మాకేం ఇబ్బంది లేదండీ, అడిగి ఇక్కడే కూర్చోవచ్చు కదా" అన్నాను ఓసారి.

"అడిగితే మొహమాటానికి సరే అంటారండీ. మొహమాటంతో అన్న సరే, సరే కాదు" అంది, ముల్లు తీసుకుంటూ.

వచ్చిన వారంలోనే తాళం చెవి కోసం పోట్లాడింది. "ముట్టుకోకూడదంటే నేనేం నేర్పనండీ? పొయ్యి దగ్గరికి రానివ్వకుండా వంట నేర్పమంటారా?" అని ఆఫీసు గదిలోనే గొంతు పెంచింది. తాళం చెవి సంపాదించింది. తెరిచి చూస్తే ఆరింట్లో మూడే పనిచేస్తున్నాయి. క్లాసుకి నలభైమంది. బట్టల కొట్లకి వెళ్లి చీరలొచ్చే అట్టపెట్టెలు అడిగి తెచ్చి, వాటి మీద మీటలు గీసి, పిల్లలకి తలా ఒక అట్ట ఇచ్చింది. ముగ్గురు కంప్యూటర్ మీద కొడుతుంటే మిగతావాళ్లు అట్ట మీద కొట్టేవారు. వేళ్ల మీద తన జేబురుమాలు కప్పి "చూడకుండా కొట్టు" అనేది. అది టైపు ఇన్‌స్టిట్యూట్ పద్ధతి.

కానీ ఆవిడ నేర్పింది టైపు కాదు. ఇవాళ ఫ్లెక్సీల మీద పెద్ద పేరు పెట్టుకున్న ఆ చదువే. అప్పుడు దానికి పేరు లేదు.

సీడీలోంచి ఏనుగు బొమ్మ తీసి ఎవరైనా పిల్లాడు తన ప్రాజెక్టులో అంటించుకుంటే, "ఎవరిది? అడిగావా?" అనేది. వాడు బిక్కమొహం వేసి "ఏనుగుని ఎట్ల అడగాలె మిస్?" అనేవాడు. "ఏనుగుని కాదురా, దాన్ని గీసినవాణ్ని. అడగలేకపోతే కింద వాడి పేరన్నా రాయి." అలా మా అయిదో తరగతి పిల్లల ఏనుగులన్నిటి కిందా పేర్లుండేవి.

ఒకళ్లకి ఒకళ్లు సందేశం రాసుకోవడం నేర్పేటప్పుడు ఇంకో పద్ధతి. రాసినది పంపే ముందు ఆ మనిషి ఎదురుగా నిలబడి, మొహం చూస్తూ పైకి చదవాలి. చదవగలిగితేనే పంపాలి. మొదటి రోజున "నువ్వు గాడిదవి" అని రాసినవాళ్లు పదిమంది ఉన్నారట. చదవమంటే ఇద్దరే చదివారు. ఆ ఇద్దరూ నవ్వేసి చెరిపేశారు.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది గోడ. ఒక పిల్ల పాస్‌వర్డ్ కొట్టే వేళకి ఆవిడ రెండు చప్పట్లు కొట్టి "గోడవైపు!" అనేది. నలభైమందీ చటుక్కున గోడవైపు తిరిగేవారు. ఆవిడా తిరిగేది. ఒకరోజు సుద్దముక్కల కోసం వెళ్తే గది నిండా వీపులే. మధ్యలో మంజుల ఒక్కతే నాలుక పళ్ల మధ్య పెట్టుకుని మీటలు నొక్కుతోంది.

"మీరూ తిరగండి తెలుగు మిస్ గారూ" అంది ఆవిడ, గోడకేసి చూస్తూనే.

"పదేళ్ల పిల్ల రహస్యం నేనేం చేసుకుంటానండీ?"

"ఏం చేసుకోరు. అయినా తిరగండి. చూడకుండా ఉండడం కూడా నేర్చుకోవాలి కదా."

తిరిగాను. పెచ్చులూడిన సున్నం తప్ప నా ఎదురుగా ఏమీ లేదు. ఏటి నాకీ ఖర్మ అనుకున్నాను. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ గోడలు చూస్తూ నిలబడ్డానని ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పి నవ్వుకున్నాను కూడా.

ఆవిడేదో దేవత అని చెప్పడం లేదు. మహా మొండి మనిషి. అలిగితే వారం మాట్లాడేది కాదు. చిలకబొమ్మ కాపీ కొట్టాడని మూడో తరగతి పిల్లాణ్ని ఏడిపించింది, తర్వాత వాణ్ని బుజ్జగించనూ లేదు. నాతోనూ గొడవే. ఇన్‌స్పెక్షన్ రోజున మంజుల రాసిన వానాకాలం వ్యాసం బాగుందని నేను దాని నోటుబుక్కు తీసి ఆఫీసర్ల ముందు చదివాను. మెచ్చుకున్నారు. సాయంత్రం ఈవిడ నా దగ్గరికొచ్చి "మంజులని అడిగారా?" అంది.

"ఆయా కూతుర్ని మెచ్చుకుంటే అదే గొప్ప. దానికి పర్మిషన్ ఒకటా?" అన్నాను. నిజంగా ఆ మాట అన్నాను.

"ఆ వ్యాసంలో వాళ్ల రేకుల ఇల్లు కారడం గురించి ఉందండీ. అది మీకు రాసింది. ఊరికి రాయలేదు" అనేసి వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఆవిడతో నేను మాట్లాడలేదు. అయిదో రోజున మంజులకి ఒక కొత్త పెన్ను ఇచ్చాను, ఎందుకో చెప్పకుండా.

ఇంకొకటి చెప్పాలి. ఆవిడ దగ్గర ఒక పొడుగు రిజిస్టర్ ఉండేది. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి పిల్లా లేచేముందు అందులో ఒక వరస రాయాలి. పేరు, టైము, ఏం చేశాను, ఎవరిది తీసుకున్నాను. చివరి గడి "పక్కనున్నది ఎవరు". అందులో పక్క పిల్ల సంతకం పెట్టాలి. "ఒకళ్లు చేసింది ఇంకొకళ్లు చూసి ఉంటే ఇద్దరికీ మంచిదండీ" అనేది. అవసరమైనప్పుడు తిరగమనేదీ ఆవిడే, అవసరమైనప్పుడు చూసి సంతకం పెట్టమనేదీ ఆవిడే. ఈ రెండిటికీ తేడా పిల్లలకి తెలిసింది. నాకు తెలియలేదు.

వార్షికోత్సవానికి కరస్పాండెంట్ గారికి ఒక ఆలోచన వచ్చింది. అయిదో తరగతి పిల్లలందరికీ ఈమెయిల్ పెట్టించి, స్టేజీ మీద తల్లిదండ్రుల ముందు పంపించాలి. పిల్లలు మర్చిపోతారని అందరి పాస్‌వర్డూ వాళ్ల పుట్టినతేదీయే పెట్టమన్నారు. ఆ జాబితా టైపు చేయించి కంప్యూటర్ గది గోడకి అంటించారు. ఏ గోడవైపైతే పిల్లలు తిరిగి నిలబడేవారో ఆ గోడకే!

ఆవిడ ఊగిపోయింది. "పిల్లల తాళం చెవులన్నీ తెచ్చి మేకుకి తగిలిస్తారటండీ?"

"చిన్నపిల్లలకి రహస్యాలేంటమ్మా, చోద్యం కాకపోతే" అన్నారాయన.

జాబితా మీద పాత కర్టెన్ ముక్క కట్టింది. ఆయన తీయించారు. మళ్లీ కట్టింది. మళ్లీ తీయించారు. ఆ పోట్లాట నడుస్తుండగానే అది జరిగింది.

కమిటీ మెంబరు ఒకాయన కూతురు అయిదో తరగతిలోనే ఉండేది. పిల్లకి నత్తి. ఇంట్లో కంప్యూటర్ ఉంది. బుధవారం సాయంత్రం ఆ పిల్ల ఇంట్లో తెరిచి చూస్తే ఒక ఈమెయిల్ ఉంది. నత్తిని వెక్కిరిస్తూ రాసిన మాటలు నేనిక్కడ రాయను. పంపినవాళ్ల పేరు దగ్గర మంజుల అని ఉంది. గురువారం పొద్దున్నే తండ్రి ఆ ప్రింటు పట్టుకుని వచ్చారు. ఆయన కోపం న్యాయమే. ఆయన్ని నేనేమీ అనను.

ఆఫీసు గదిలోకి భాగ్యమ్మని, మంజులని, ఆవిడని, నన్ను పిలిచారు. ప్రింటు మీద టైము ఉంది. బుధవారం మూడో పీరియడ్. ఆ గంటలో అయిదో తరగతి బి సెక్షన్‌కి నా తెలుగు క్లాసు. మంజుల నా క్లాసులో ఉంది.

కరస్పాండెంట్ గారు ప్రింటు టేబుల్ మీద పరిచి దాన్ని వేలితో పొడిచారు. "ఇదిగో పేరు. కంప్యూటరే చెబుతుంటే ఇంక మనం చెప్పేదేముంది?"

"నా బిడ్డకు గసుంటి మాటలే రావు సార్. జెర మంచిగ చూడుండ్రి సార్, మీ కాల్మొక్త" అంది భాగ్యమ్మ.

ఆవిడ తన రిజిస్టర్ తెరిచి ముందు పెట్టింది. "బుధవారం మూడో పీరియడ్‌లో మీరు మీ చుట్టాలకి గది చూపించడానికొచ్చారండీ. ఆఫీసు ఫోను వైరు తీయించి ఇంటర్నెట్ పెట్టించారు. నన్ను బయటికి వెళ్లమంటే గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మీ మనవరాలు రెండో సిస్టం దగ్గర కూర్చుంది. నేను అప్పుడే రాసుకున్నాను, చూడండి. పాస్‌వర్డులు గోడకి ఉన్నాయి. మంజుల ఆ గదిలోకే రాలేదు."

ఆయన మనవరాలికీ ఆ నత్తి పిల్లకీ వార్షికోత్సవం డాన్సు దగ్గర గొడవైందని స్కూలంతటికీ తెలుసు.

ఆయన రిజిస్టర్ వంక చూడను కూడా చూడలేదు. "నీ చేతిరాత నమ్మమంటావా, కంప్యూటర్ ప్రింటు నమ్మమంటావా? ఏమ్మా, చదువుకున్నదానివేనా?"

నవ్వొస్తోంది కదూ ఇప్పుడు? అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ప్రింటులో వచ్చిందంటే నిజమే. జాతకం ప్రింటులో వస్తే అదీ నిజమే. ఆ తండ్రి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి, ఆయనా తలూపాడు.

అప్పుడు మంజుల ఏడుపు ఆపుకుని అంది. "నేను గప్పుడు తెలుగు క్లాసుల ఉన్న సార్. నిలబడి పాఠం చదువుతున్న. కావాలంటే మిస్‌ని అడుగుండ్రి."

అందరూ నావైపు చూశారు.

ఆయన గొంతు మెత్తబడింది. "ఏం టీచరమ్మా? బాగా ఆలోచించుకుని చెప్పు. రిహార్సల్స్ రోజులాయె. పిల్లలు ఎటుపడితే అటు తిరుగుతున్నారు. నీకు గుర్తుండాలనేం లేదు." అబద్ధం కూడా నన్ను వెతుక్కోనివ్వలేదు. ఆయనే వండి చేతికిచ్చారు.

ఆరేళ్లుగా నాది టెంపరరీ ఉద్యోగం. ఆ నెలాఖరుకి పర్మినెంటు చేస్తామన్నారు. ఇదీ నా కారణం. ఇంతకంటే గొప్ప కారణం ఉందని చెప్పుకుందామని ఇరవై ఏళ్లు వెతికాను, దొరకలేదు.

"గుర్తు లేదండీ" అన్నాను.

గుర్తుంది! కిటికీ పక్క రెండో బెంచీ. మంజుల నిలబడి చదువుతూ "స్వాతంత్ర్యం" అన్న మాట దగ్గర ఆగింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగ్గా పలికింది. శెభాష్ అన్నాను. గంట కొట్టారు. అంతా గుర్తుంది.

ఆవిడ నావైపు తిరిగి నోరు తెరిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. నోరు మూసుకుంది. మెల్లగా వెనక్కి తిరిగి, గోడ మీద క్యాలెండర్‌కేసి చూస్తూ నిలబడింది. నేను నాది ఏదో దాచుకుంటున్నానని తెలిసిపోయి, అది చూడకుండా నన్ను వదిలేసింది. చెంప పగలగొట్టి ఉంటే ఇన్నేళ్లు మండేది కాదు.

మంజుల తప్పు చేసినట్టు కాగితం రాయించారు. నేను సంతకం పెట్టాను. ఆవిడ పెట్టలేదు. "నేను చూడనిదానికి పెట్టనండీ" అంది. "పెట్టకపోతే రేపటినుంచి రావద్దు" అన్నారాయన. రిజిస్టర్ చంకలో పెట్టుకుని, మంజుల చెయ్యి పట్టుకుని, గేటు దాటి వెళ్లిపోయింది. వెనక భాగ్యమ్మ, ముంగిట్లో సగం ఊడ్చిన చీపురు అక్కడే వదిలేసి.

టీసీలో ప్రవర్తన అన్న గడి ఉంటుంది. పదేళ్ల పిల్లకి అందులో "సంతృప్తికరం కాదు" అని రాశారు. ఆ ముక్క చూసి మూడు స్కూళ్లు చేర్చుకోలేదని తర్వాత విన్నాను. పిల్లకి ఒక ఏడాది పోయింది. నాకు నెలాఖరుకి ఆర్డరు వచ్చింది. స్వీట్లు కూడా పంచాను. ఛీ.

ఇప్పుడు ఆ స్కూలువాళ్లే పిల్లల చేతుల్లో పలకల్లాంటి కంప్యూటర్లు పెట్టి, ఏదో కంపెనీ కుర్రాళ్లని పిలిపించి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని వారం రోజులు పండగ చేస్తున్నారు. చెప్పిన మనిషిని గెంటేసిన గేటుకే ఆవిడ బొమ్మ కట్టారు. సిగ్గుండాలి. వాళ్లకి లేదు సరే, నాకు?

అందుకే మర్నాడు తిరుమలగిరి వెళ్లాను. ఆవిడ కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ ప్రార్థన కూడిక అప్పుడే అయిపోయింది. పాటల పుస్తకాలు సర్దుతున్నారు. రెండు గదుల ఇల్లు. ఆవిడ చెల్లెలు నన్ను గుర్తుపట్టలేదు. టీ కప్పులు అందిస్తున్న అమ్మాయి గుర్తుపట్టింది.

"తెలుగు మిస్సే గదా? జెర బక్కగైన్రు. కూసోండి మిస్."

మంజుల. ముప్పై దాటింది. బర్త్ సర్టిఫికెట్లూ క్యాస్ట్ సర్టిఫికెట్లూ ప్రింటు తీసిచ్చే సెంటర్లో పనిచేస్తోందట. ఆవిడే తీసుకెళ్లి సర్కారు బడిలో చేర్పించి, సాయంత్రాలు ఇంట్లో చెప్పి, పది పాస్ చేయించిందట. "మా సెంటర్ల పేరు తప్పు పడ్డదని ఎవరన్న వస్తే నేను సుత వాళ్ల చేతిరాత కాయితం మొత్తం చూస్తా మిస్. మా సార్ లొల్లి పెడ్తడు, అయినా చూస్తా."

టీ చల్లారిపోతోంది.

"మిస్ మీ గురించి ఎన్నడూ చెడ్డగ చెప్పలే" అంది మంజుల, నేను అడక్కుండానే. "తెలుగు మిస్‌కి నిజంగనే గుర్తు లేదే, మనుషులు మర్చిపోతరు, మనసుల పెట్టుకోకు అన్నది. నేను నమ్మలే. కానీ మిస్ చెప్పింది గదా అని ఊకున్న."

ఇరవై ఏళ్లు! నా అబద్ధాన్ని ఆవిడ ఇరవై ఏళ్లు తన అబద్ధంగా మోసింది, ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషి. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఎందుకమ్మా నన్ను కాపాడావు, నేనడిగానా?

"గుర్తుంది మంజులా" అన్నాను. "అప్పుడూ గుర్తుంది. కిటికీ పక్క రెండో బెంచీ. స్వాతంత్ర్యం దగ్గర ఆగావు. మూడోసారి పలికావు. నేను భయపడి అబద్ధం చెప్పాను."

ఏడుస్తుందేమో, పోనీలే మిస్ అంటుందేమో అనుకున్నాను. ఏదీ లేదు. లోపలికి వెళ్లి పొడుగు రిజిస్టర్ తెచ్చింది. అట్ట చివికిపోయింది. పేజీ వెతుక్కోలేదు, దారం పెట్టి ఉంది. బుధవారం, మూడో పీరియడ్. పైవరసలో కరస్పాండెంట్ గారి చుట్టాలు, రెండో సిస్టం, ఆయన మనవరాలు. దాని కింద, తర్వాత వేరే సిరాతో చేర్చిన ఆవిడ గుండ్రటి అక్షరాలతో, "మంజుల, అయిదు బి, తెలుగు క్లాసులో ఉంది, పాఠం చదువుతోంది." చివర "పక్కనున్నది ఎవరు" అన్న గడి. ఖాళీ.

"మీ కోసమే ఇడిసిపెట్టింది మిస్" అంది మంజుల. పెన్ను చేతికిచ్చింది. "రాయుండ్రి. రేపు దీన్ని పట్కొని ఇద్దరం స్కూలుకు పోదాం. నా టీసీల ఆ ముక్క కొట్టేయించుకోవాలె."

పెన్ను పట్టుకున్నాను. ఒకళ్లు తమ సొంతది ఏదైనా రాసుకుంటుంటే ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు గోడవైపు తిరిగేవారు. మంజుల కూడా తిరుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగాను.

తిరగలేదు. నా పక్కనే నిలబడి, నా పేరులో చివరి అక్షరం దాకా చూస్తూనే ఉంది.